డైరెక్ట్‌ఎక్స్ 12 ఉంది, ఆట మాత్రం తెరుచుకోదు

ఎన్విడియా 2017 మార్చిలో తెచ్చిన జీటీఎక్స్ 1080 టీఐ ఆ రోజుల్లో గేమింగ్ గ్రాఫిక్స్ కార్డులకు రారాజు. ధర 699 డాలర్లు, మెమరీ 11 జీబీ. మామూలు ఆటల్లో 2022 నాటి ఆర్‌టీఎక్స్ 3050 ఇప్పటికీ దాని ముందు నిలబడలేదు. తీరా 2024 డిసెంబరులో ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’ వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. బక్క కార్డు 3050 మీద ఆట నడిచింది, 1080 టీఐ మీద అసలు మొదలే కాలేదు. కార్డుకున్న బలం వేరు, దానికి వచ్చిన విద్యలు వేరు. పాత కార్డుల గురించి వినిపించే అపోహల్లో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చినవే.

అపోహ: సెట్టింగులన్నీ ‘లో’లో పెడితే ఏ ఆటైనా ఎలాగోలా ఆడుతుంది.

చాలాకాలం ఇది నిజమే. నీడలు తీసేసి, రిజల్యూషన్ తగ్గించి లాక్కొచ్చినవాళ్లు ఎందరో. కానీ ఇండియానా జోన్స్‌లో వెలుగునీడల లెక్క మొత్తం రే ట్రేసింగ్ మీదే నడుస్తుంది, దాన్ని ఆపేసే మీటే మెనూలో లేదు. ఆ పనికి చిప్పులోనే ప్రత్యేక విభాగం ఉండాలి. అది ఎన్విడియాలో 2018 నాటి ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌తో, ఏఎండీలో 2020 నాటి ఆర్‌ఎక్స్ 6000 సిరీస్‌తో మొదలైంది. 2025 మేలో వచ్చిన ‘డూమ్: ద డార్క్ ఏజెస్’దీ ఇదే షరతు.

అపోహ: నా కంప్యూటర్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 ఉంది కాబట్టి అది అడిగే ఆటలన్నీ నడవాలి.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. డైరెక్ట్‌ఎక్స్ అంటే విండోస్‌లో ఆట, కార్డు మాట్లాడుకునే భాష. విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి, ‘డీఎక్స్‌డయాగ్’ తెరిస్తే మొదటి పేజీ అడుగున ‘డైరెక్ట్‌ఎక్స్ 12’ అని కనిపిస్తుంది. అది విండోస్ సంగతి, కార్డు సంగతి కాదు. పక్కనున్న ‘డిస్‌ప్లే’ ట్యాబ్ నొక్కితే కుడివైపు ‘ఫీచర్ లెవెల్స్’ అనే వరస ఉంటుంది. చూడాల్సింది దాన్ని. 2013 నాటి జీటీఎక్స్ 780కి అందులో పై అంకె 11_0. 1080 టీఐకి 12_1. ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ నుంచి 12_2, అంటే ‘డైరెక్ట్‌ఎక్స్ 12 అల్టిమేట్’. ఎన్విడియా 780కి డైరెక్ట్‌ఎక్స్ 12 డ్రైవర్ ఇచ్చిన మాట నిజమే, అబద్ధమేమీ చెప్పలేదు. కాకపోతే 2022 నాటి ‘ఎల్డెన్ రింగ్’ అడిగే ఫీచర్ లెవెల్ 12_0. పేరు ఒకటే, మెట్టు వేరు.

అపోహ: డ్రైవర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది.

డ్రైవర్ బగ్గులు తీయగలదు, లేని యూనిట్‌ను చిప్పులో పుట్టించలేదు. 2019 ఏప్రిల్‌లో ఎన్విడియా ఆ సాహసమూ చేసింది. జీటీఎక్స్ 1060 6 జీబీ, ఆ పై కార్డులకు డ్రైవర్ ద్వారా రే ట్రేసింగ్ ఇచ్చింది. మామూలు కోర్ల మీదే ఆ బరువంతా పడటంతో బొమ్మలు నత్తనడక నడిచాయి. ఇక 2025 అక్టోబరుతో 10 సిరీస్‌కు కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లు ఆగిపోయాయి. భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయని కంపెనీ చెప్పింది. అంతమాత్రాన కార్డు పని మానేయదు, ఇప్పటిదాకా ఆడుతున్న ఆటలు ఆడుతూనే ఉంటాయి.

సాఫ్ట్‌వేర్ ఆదుకునే సందర్భాలు లేకపోలేదు. కాకపోతే తాళం ఎక్కువగా ఆట తయారుచేసినవాళ్ల చేతిలో ఉంటుంది. ఫిన్లాండ్ స్టూడియో రెమెడీ 2023 అక్టోబరులో ‘అలన్ వేక్ 2’ను విడుదల చేసినప్పుడు అది మెష్ షేడర్ల మీద ఆధారపడింది. దృశ్యంలోని ఆకారాలను చిన్న ముక్కలుగా చేసి, కంటికి కనపడని వాటిని ముందే వదిలేసే పద్ధతి ఇది. జీటీఎక్స్ 10 సిరీస్‌కు ఆ విద్య రాదు. 2019 నాటి ఏఎండీ ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీకీ రాదు. ఆ కార్డుల మీద ఆట తెరుచుకున్నా ఈడ్చుకుంటూ నడిచింది. 2024 మార్చిలో రెమెడీ ఇచ్చిన అప్‌డేట్‌తో అవే కార్డులు గణనీయంగా పుంజుకున్నాయి. కనీస అర్హతల పట్టికలో పేరు లేని ప్రతి కార్డూ చెత్తబుట్ట పాలు కానక్కర్లేదు. కొన్నిచోట్ల ఆ గీత వేగానిది, కొన్నిచోట్ల గేటుది. గేటయితే తోసినా తెరుచుకోదు.

అపోహ: ఎక్కువ జీబీ ఉన్నదే మంచి కార్డు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా జీటీ 730 పెట్టె మీద ‘4 జీబీ’ అని పెద్దక్షరాలు చూసి మురిసిపోవద్దు. ఆ డీడీఆర్3 మెమరీని నింపుకొని పనిచేసే సత్తా ఆ చిప్పుకు లేదు. జీటీ 1030ది ఇంకా విడ్డూరం. పేరు ఒకటే, మెమరీ 2 జీబీయే. కానీ జీడీడీఆర్5 రకం సెకనుకు 48 జీబీ డేటా అందిస్తే, 2018లో వచ్చిన డీడీఆర్4 రకం 16.8 జీబీ దగ్గర ఆగిపోతుంది. బిందె పెద్దదైనా కుళాయి సన్నమైతే నీళ్లు అంతే. అలాగని మెమరీ లెక్కలేదనీ కాదు. 2023లో పీసీకి వచ్చిన ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’ విడుదలైన కొత్తలో గట్టి కార్డైన ఆర్‌టీఎక్స్ 3070కీ దాని 8 జీబీ చాలలేదు.

అపోహ: ఆట క్రాష్ అయిందంటే తప్పు కార్డుదే.

2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ కొన్ని పాత కంప్యూటర్లలో ప్రోలాగ్ (నాంది ఘట్టం) చివర కూలిపోయేది. కారణం ఏవీఎక్స్ సూచనలు తెలియని ప్రాసెసర్. 1.05 ప్యాచ్‌లో ఆ అవసరాన్నే తీసేశారు. కార్డు మార్చినవాళ్ల డబ్బు దండగ.

అపోహ: కొత్త కార్డు కొంటే పాత ఆటలకు తిరుగుండదు.

2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచి ఎన్విడియా 32 బిట్ క్యూడా మద్దతు తీసేసింది. దాంతో పాత 32 బిట్ ఆటల్లో పగిలే అద్దాలు, ఎగిరే పొగల వంటి ఫిజ్‌ఎక్స్ లెక్కలన్నీ ప్రాసెసర్ నెత్తిన పడ్డాయి. ‘మిర్రర్స్ ఎడ్జ్’, ‘బోర్డర్‌ల్యాండ్స్ 2’ లాంటి ఆటలు లక్షల రూపాయల 5090 మీద కూడా ఆ ఎఫెక్టులు పెట్టగానే తడబడ్డాయి. కొందరైతే ఆ పని కోసమే పాత జీటీఎక్స్ కార్డును రెండో స్లాటులో తగిలించుకున్నారు. విమర్శలు వచ్చాక, అదే ఏడాది డిసెంబరు డ్రైవర్‌లో ఎంపిక చేసిన కొన్ని ఆటలకు ఎన్విడియా ఆ మద్దతును తిరిగి ఇచ్చింది.