ఇత్తడి తూటాలు వానాకాలంలో ఎందుకు పగిలాయి?

తూటా గొట్టాన్ని సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు గల ఇత్తడితో చేస్తారు. ఇత్తడిని వేడిచేయకుండా సాగదీసి, మెడను ఇరుకు చేసినప్పుడు లోహంలో కొంత ప్రతిబలం మిగిలిపోతుంది.

బ్రిటిష్ పాలనలో భారతదేశంలోని సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు తగ్గాక చూస్తే చాలా తూటాలు పగిలి ఉండేవి. అలాంటి తూటా పేల్చేవారికే ప్రమాదం.

దీనికి కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మల్లిన్సన్ వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, తేమ సమక్షంలో రాగితో చర్య జరిపి, కరిగే సంక్లిష్ట అయాన్లను ఏర్పరుస్తుంది. ప్రతిబలం ఉన్నచోట ఈ క్షయం పగులుగా మారుతుంది. దీనిని ‘సీజన్ క్రాకింగ్’ అంటారు.

ప్రతిబలం, అమ్మోనియా రెండూ ఉన్నప్పుడే ఇది జరుగుతుందని గమనించండి. అందువల్ల గొట్టాన్ని దాని బలం తగ్గనంత తక్కువ ఉష్ణోగ్రత వద్ద వేడిచేసి, మిగిలిన ప్రతిబలాన్ని తొలగిస్తారు. కాబట్టి ఇత్తడి వస్తువు పగిలితే, చుట్టూ ఉన్న గాలితోపాటు అది తయారైన విధానాన్నీ పరిశీలించాలి.