పులికాట్, నేలపట్టు ప్రాంతంలో శీతాకాల పక్షుల వీక్షణ

పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం ఆంధ్ర ప్రదేశ్ దక్షిణ తీరంలో శీతాకాలపు పక్షుల వీక్షణకు పేరొందిన ప్రదేశాలు. ఇవి పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తిరుపతి జిల్లా పరిధిలోనికి వచ్చాయి. ఏటా అక్టోబరు నుండి మార్చి వరకు ఇక్కడ రాజహంసలు (ఫ్లెమింగోలు), గూడబాతులు, కొంగలు, బాతులు, ఉల్లంకులు పెద్ద సంఖ్యలో కనిపిస్తాయి.

భౌగోళికం

పులికాట్ భారతదేశంలో చిలికా తరువాత రెండవ అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. దీని అధిక భాగం ఆంధ్ర ప్రదేశ్‌లోను, దక్షిణ భాగం తమిళనాడులోను ఉన్నది. శ్రీహరికోట దీవి ఈ సరస్సును బంగాళాఖాతం నుండి వేరు చేస్తున్నది. కాళంగి, ఆరణి నదులు ఇందులో కలుస్తాయి. ఇరకం, వేనాడు మొదలైన దీవులు సరస్సు మధ్యలో ఉన్నాయి. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి వెళ్ళే రహదారి సరస్సును చీల్చుకొని సాగుతుంది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1976లో తన పరిధిలోని భాగాన్ని సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది.

నేలపట్టు గ్రామం దొరవారిసత్రం మండలంలో ఉన్నది. సుమారు 459 హెక్టార్ల విస్తీర్ణం గల ఇక్కడి పక్షుల కేంద్రం కూడా 1976లోనే ఏర్పడింది. చెరువు నీటిలో నిలిచి పెరిగే కడప చెట్లు దీని ప్రత్యేకత.

పక్షులు చేరడానికి కారణాలు

ఈ ప్రాంతానికి ప్రధానంగా వర్షాన్నిచ్చేది ఈశాన్య ఋతుపవనం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలు కురిసి చెరువులు నిండుతాయి. నదుల నీరు చేరి సరస్సులో ఉప్పదనం తగ్గుతుంది. జనవరి నుండి నీరు క్రమంగా తగ్గి బురద నేలలు బయటపడతాయి. పురుగులు, నత్తలు, చిన్న రొయ్యలు పక్షులకు సులభంగా అందుతాయి.

ఏ పక్షి ఎక్కడ మేస్తుందనేది నీటి లోతును బట్టి ఉంటుంది. పొట్టి కాళ్ళ ఉల్లంకులు తడి బురదపైన, పొడుగు కాళ్ళ కొంగలు మోకాటిలోతు నీటిలో, ఈదగల బాతులు ఇంకా లోతైన చోట మేస్తాయి. రాజహంస తల క్రిందులుగా వంచి, ముక్కును నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోనికి లాగి బయటకు నెడుతుంది. ముక్కు అంచులలోని జల్లెడ వంటి పొరలలో సూక్ష్మజీవులు చిక్కుకొంటాయి. వాటిలోని కెరోటినాయిడ్ల వలననే దాని రెక్కలకు గులాబీ రంగు వస్తుంది. పిల్ల పక్షులు బూడిద రంగులో ఉంటాయి.

వలస పక్షులు, స్థానిక పక్షులు

ఇక్కడి పక్షులన్నీ సైబీరియా నుండి వస్తాయనే అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. ఇది పూర్తిగా నిజం కాదు. సూదితోక బాతులు, పలు రకాల ఉల్లంకులు మధ్య ఆసియా వలస మార్గం గుండా ఉత్తరాది దేశాల నుండి వస్తాయి. కాని గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ దక్షిణాసియాకు చెందినవే. నీరు, ఆహారం లభించే చోటికి తరలుతూ ఉంటాయి. రాజహంసలకు భారతదేశంలో ప్రధాన సంతానోత్పత్తి స్థానం గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతం.

గూడబాతులు నేలపట్టు చెరువులోని కడప చెట్లపై గూళ్ళు కట్టి, పులికాట్‌లో చేపలు పట్టి పిల్లలకు తెస్తాయి. అందువలన ఒకటి దెబ్బతింటే రెండవది పక్షులకు పూర్తి ఆశ్రయం కాజాలదు. వానలు సరిగా కురవక చెరువు నిండని సంవత్సరాలలో గూళ్ళు తగ్గుతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనిచేస్తుందని గ్రామస్థులు వాటిని ఆదరిస్తారు.

వీక్షణ పద్ధతి

ఉదయం, సాయంత్రం వేళలు అనుకూలమైనవి. శ్రీహరికోట రహదారి నుండి, తడ మండలంలోని భీములవారిపాలెం నుండి సరస్సు పక్షులను, నేలపట్టులోని వీక్షణ గోపురాల నుండి గూళ్ళను చూడవచ్చును. బైనాక్యులర్ తప్పనిసరి. ఛాయాచిత్రాల కొరకు మందను లేపి ఎగురగొట్టరాదు. వలస పక్షులు తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకొనే కొవ్వు అందువలన వృథా అవుతుంది. తల్లి లేచిపోయిన గూటిలోని గ్రుడ్లు ఎండకు, కాకులకు గురి అవుతాయి.

ఆసియా నీటిపక్షుల గణన 1987లో ప్రారంభమైంది. ప్రతి జనవరిలో స్వచ్ఛంద వీక్షకులు ఇందులో పాల్గొంటారు. ఒకే స్థలంలో ఏటేటా చేసిన లెక్కల వలననే పక్షుల పెరుగుదల, తరుగుదల తెలుస్తాయి. సూళ్ళూరుపేటలో 2001 నుండి ఫ్లెమింగో పండుగ నిర్వహించడం మొదలైంది. కొన్ని సంవత్సరాల విరామం తరువాత 2025 జనవరిలో దీనిని మరల జరిపారు.

సమస్యలు

సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోవడం ప్రధాన సమస్య. రాయదొరువు వద్ద ఇసుక మేట వేయడంతో సముద్రపు నీటి రాకపోకలు తగ్గి, ఉత్తర భాగం వేసవిలో ఎండిపోతున్నది. నీటితోపాటు లోనికి రావలసిన చేప, రొయ్య పిల్లలు కూడా రావు. దీనివలన పక్షులకే కాక, సరస్సుపై ఆధారపడిన మత్స్యకార కుటుంబాలకు కూడా జీవనం కష్టమవుతున్నది. ముఖద్వారాల పూడిక తీయాలని వారు చాలా కాలంగా కోరుతున్నారు. రొయ్యల చెరువుల వ్యర్థాలు, మేటలు సరస్సుకు ఉన్న ఇతర ముప్పులు.