గుండు కదలడం ఆలస్యమైతే

1921లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్యాంప్ పెర్రీలో జాతీయ రైఫిల్ పోటీలు జరిగాయి. వాటి కోసం ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధాగారం కొత్త రకం తూటాలు తయారుచేసింది. అప్పటి గుండ్ల మీది రాగి-నికెల్ తొడుగు బ్యారెల్ లోపల రాసుకుని పెచ్చులుగా అంటుకునేది, గురి చెడేది. అందుకు విరుగుడుగా గుండ్లకు తగరంతో కళాయి వేశారు. కళాయి బాగానే పనిచేసింది. చిక్కల్లా షూటర్ల పాత అలవాటుతో వచ్చింది. పెచ్చులు కట్టకుండా వాళ్లు అప్పటిదాకా గుండును గ్రీజులో ముంచి పేల్చేవారు. ఈ తూటాలకూ కొందరు అదే చేశారు. కొన్ని తుపాకులు దెబ్బతిన్నాయి.

తూటాలో మందు ఒక్క రవ్వ కూడా పెరగలేదు. గుండు మీది తగరం ఇత్తడి కేసు మెడకు లోపలివైపు టంకం పెట్టినట్టు అతుక్కుపోయింది. మామూలుగా మందును అంటించే ప్రైమర్ మండగానే వాయువుల ఒత్తిడికి మెడ వెంట్రుకవాసి విచ్చుకుని గుండును వదిలేస్తుంది. విచ్చుకోవడానికి మెడకూ, తూటా కూర్చునే చాంబర్ గోడకూ మధ్య కాస్త సందు ఉంటుంది. ఆ సందులో గ్రీజు చేరింది. ఇక మెడ విచ్చుకోలేదు, గుండు కదలలేదు, లోపల మందు మాత్రం మండుతూనే ఉంది.

ఇళ్లలో తూటాలు నింపుకునేవాళ్లందరూ ముందుగా వినవలసిన కథ ఇది. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడం చాలామందికి ఇష్టమైన వ్యాపకం. పేల్చిన ఇత్తడి కేసును మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ అమర్చి, మందు తూచి పోసి, గుండు బిగిస్తారు. కొందరిది పొదుపు, ఎక్కువమందిది గురి మీద పట్టుదల. (మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.) ప్రమాదం అనగానే అందరికీ తోచేది మందు ఎక్కువ పోయడమే. అసలు విషయం మోతాదు ఒక్కటే కాదు, వేళ కూడా.

1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియె పొగరాని మందును తయారుచేశాడు. అది ఎంత త్వరగా మండుతుందన్నది చుట్టూ ఉన్న పీడనాన్ని బట్టి ఉంటుందని సూత్రీకరించిందీ ఆయనే. పీడనం పెరిగితే మంట వేగం పెరుగుతుంది. మంట పెరిగితే వాయువులు పుట్టి పీడనం ఇంకా పెరుగుతుంది. ఈ వలయం చేయి దాటకుండా ఆపేది గుండు ఒక్కటే. అది ముందుకు పోతున్న కొద్దీ వెనక ఖాళీ పెరిగి వాయువులకు చోటు దొరుకుతుంది. వంటింటి ప్రెషర్ కుక్కర్లో పీడనం బయటికన్నా చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు ఎక్కువ. .308 విన్‌చెస్టర్ తూటాకు గరిష్ఠ పరిమితి 62,000 పౌండ్లు. అంటే నాలుగు వేల కుక్కర్లకు పైమాట. పైగా ఈ కుక్కర్‌కి మూతా, విజిలూ రెండూ ఆ గుండే. మొత్తం తతంగం ఇంచుమించు ఒక మిల్లీసెకనులో ముగుస్తుంది.

అందుకే గుండును కాసేపు ఆపేది ఏదైనా ప్రమాదమే. పదేపదే వాడిన కేసు మెడ సాగి పొడవవుతుంది. కత్తిరించకపోతే దాని అంచు చాంబర్ కొసకు తగిలి గుండును నొక్కి పట్టుకుంటుంది. 1921 నాటి కథే, ఈసారి గ్రీజు లేకుండా. గుండును బ్యారెల్ గాడుల దాకా ముందుకు జరిపి బిగించినా పీడనం పెరుగుతుంది. పరుగెత్తి గాడుల్లోకి దూరే అవకాశం దానికి పోతుంది.

మందు పేరుతో వచ్చే తికమక మరొకటి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రూస్ హాడ్జ్‌డన్ అనే వ్యాపారి సైన్యం దగ్గర మిగిలిపోయిన 4831 రకం మందును కొని చవకగా అమ్మాడు. తర్వాత 1970లలో డ్యూపాంట్ కంపెనీ కూడా 4831 అనే అంకెతోనే మందు అమ్మకానికి పెట్టింది. అది హాడ్జ్‌డన్ మందుకన్నా త్వరగా మండేది. హాడ్జ్‌డన్ మందు పట్టిక చూసి డ్యూపాంట్ మందు పోస్తే, తూకం గింజ తేడా లేకుండా సరిపోయినా పీడనం హద్దు దాటవచ్చు. ఒకే అంకెతో రెండు మందులు అమ్మనివ్వడం ఎవరి తెలివో గానీ, ఆ రెండు డబ్బాలూ అరల్లో చాలా ఏళ్లు పక్కపక్కనే ఉన్నాయి.

మందు కావాలనే పెంచేవాళ్లూ ఉన్నారు. వాళ్ల లెక్క తప్పేది ఎక్కడంటే, మందు కొద్దిగా పెంచితే గుండు వేగం దాదాపు అదే నిష్పత్తిలోనో, ఇంకా తక్కువగానో పెరుగుతుంది. గరిష్ఠ పీడనం మాత్రం అంతకు రెట్టింపు నిష్పత్తిలోనో, ఇంకా ఎక్కువగానో ఎగబాకుతుంది. హద్దు దగ్గర సెకనుకు పదిహేను మీటర్ల వేగం కోసం చెల్లించేది చాలా ఎక్కువ. ఆ పదిహేను మీటర్ల తేడా జింకకు తెలియదు.

బోల్టు బిగుసుకుంటుంది, ప్రైమర్ చదునవుతుంది, కేసు అడుగున మెరిసే మచ్చ పడుతుంది, ఆ గుర్తులు చూసి ఆగుతాం అంటారు. ఇత్తడి ఆ మాత్రం లొంగేసరికి పీడనం చాలాసార్లు పరిమితి దాటే ఉంటుంది. మెత్తటి ప్రైమర్ మామూలు పీడనానికే చదునవుతుంది, గట్టిది అతి పీడనంలోనూ చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. తయారీదార్లు అందుకే కంటిని నమ్మరు. చాంబర్ దగ్గర పైజోఎలక్ట్రిక్ సెన్సార్ పెట్టి కొలుస్తారు. ఇంట్లో బల్ల ముందు కూర్చున్నవాడి దగ్గర ఉండేది త్రాసు, పట్టిక.

ఆ పట్టిక కూడా ఒక్కటే ఉండదు. .45-70 అనే తూటా 1873 నాటి ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ కోసం పుట్టింది. దాని పరిమితి నేటికీ 28,000 పౌండ్లే, ఆ పాత ఉక్కును దృష్టిలో పెట్టుకుని. అదే తూటాను పేల్చే గట్టి తుపాకులు తర్వాత చాలా వచ్చాయి కనుక అమెరికన్ రీలోడింగ్ పుస్తకాలు దానికి మూడు పట్టికలు వేరువేరుగా ముద్రిస్తాయి: పాత ట్రాప్‌డోర్‌కు ఒకటి, లీవర్ తుపాకులకు ఒకటి, రూగర్ నంబర్ 1 లాంటి బలమైనవాటికి ఒకటి. మూడో పట్టిక చూసి నింపిన తూటా కూడా 1873 నాటి తుపాకీలో ఏ అడ్డూ లేకుండా దూరిపోతుంది.