కుట్లు బయటికి, పేరు లోపలికి

కోటు కుట్టే దర్జీ శ్రమలో పెద్ద భాగం ఎవరి కంటా పడదు. అమరిక చూసుకోవడానికి వేసిన కచ్చా కుట్లను చివర్లో పీకేస్తాడు. పోగులు లేచే అంచుల్ని లోపలికి మడుస్తాడు. భుజాల ప్యాడ్లను అస్తరుతో కప్పేస్తాడు. బెల్జియం డిజైనర్ మార్టిన్ మార్జెలా సరిగ్గా వాటినే బయటపెట్టి, వాటినే అందమన్నారు.

1957లో పుట్టిన మార్జెలా ఆంట్వెర్ప్‌లోని రాయల్ అకాడమీలో చదివి, పారిస్‌లో జాన్ పాల్ గోతియే దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్నారు. 1988లో జెన్నీ మెయిరెన్స్‌తో కలిసి సొంత సంస్థ పెట్టారు. మెయిరెన్స్ అప్పటికే బ్రస్సెల్స్‌లో తన దుకాణం నడుపుతూ, జపాన్ డిజైనర్ రే కవకుబో బట్టలు అమ్మేవారు. చిల్లులు పడ్డ స్వెట్టర్లతో కవకుబో 1980ల మొదట్లోనే పారిస్‌ను ఉలిక్కిపడేలా చేశారు. మార్జెలా ఆ దారిలో ఇంకాస్త ముందుకెళ్లారు.

ఆయన తొలి ప్రదర్శన 1988 అక్టోబరులో, కఫే ద లా గార్ అనే నాటకశాలలో జరిగింది. మోడళ్లు వేసుకున్నది బొటనవేలు విడిగా ఉండే జపాన్ ‘టాబి’ తరహా బూట్లు. వాటి అడుగున ఎర్రరంగు పూసి, పరిచిన తెల్లగుడ్డ మీద నడిపించారు. ఆ అడుగుజాడల గుడ్డ పారేయలేదు. మరుసటి సీజన్‌లో అదే చేతుల్లేని కోటుగా మారింది! ఏడాది తర్వాత షో పారిస్ శివార్లలోని పిల్లల ఆటస్థలానికి చేరింది. ఆహ్వానపత్రాలపై బొమ్మలు వేసిన వాడకట్టు పిల్లలే మోడళ్లతో కలిసి పరుగులు తీశారు.

దాచే పనిని ఇలా బయటపెట్టే ధోరణినే డీకన్‌స్ట్రక్షన్ అంటారు. చింపి వదిలేయడం కాదిది. బట్ట ఎలా తయారవుతుందో విప్పి చూపడం.

1991లో మార్జెలా సైనికుల పాత మేజోళ్లను విప్పి, కలిపి కుట్టి స్వెట్టర్ చేశారు. మడమ దగ్గర ఉండే ఉబ్బు సరిగ్గా మోచేతుల దగ్గరా, ఛాతీ దగ్గరా వచ్చేలా అమర్చారు. 1994లో బొమ్మల దుస్తులను మనుషుల కొలతకు 5.2 రెట్లు పెంచారు. బట్టతో పాటు జిప్పులూ గుండీలూ ఊలు మందమూ అన్నీ అదే లెక్కన పెరగడంతో అవి వింతగా కనిపించాయి. 1997లో అయితే దర్జీలు కోటు తొడిగి చూసే బొమ్మనే కోటుగా మార్చారు. ముతక నార గుడ్డతో బొమ్మ ఆకారంలోనే కుట్టిన ఆ చేతుల్లేని కోటు మీద, సగం తయారైన దుస్తుల ముక్కలు పిన్నులతో వేలాడేవి.

ఇంత చేసినా ఆయన ముఖం జనానికి తెలియదు. ఫొటోలకు నిలబడేవారు కాదు. విలేఖరుల ప్రశ్నలకు సంస్థ ‘మేము’ అంటూ ఫ్యాక్స్‌లో జవాబిచ్చేది. దుస్తుల్లో పేరులేని తెల్లగుడ్డ ముక్కను నాలుగు మూలలా నాలుగు కుట్లతో పట్టించేవారు. అస్తరు లేని బట్టల్లో ఆ కుట్లు వీపు మీద బయటికి కనబడేవి.

ఆ నాలుగు తెల్లకుట్లే చివరికి సంస్థ గుర్తుగా మారాయి. పేరు చాటుకోవద్దనుకున్న పద్ధతే బ్రాండ్‌కు పెద్ద ప్రచారమైంది. డీజిల్ బ్రాండ్ అధిపతి రెంజో రోసో 2002లో సంస్థలో మెజారిటీ వాటా కొన్నారు. 2009 నాటికి మార్జెలా తప్పుకున్నారు. తర్వాత జాన్ గాలియానో డిజైన్ బాధ్యత చూశారు, ఇప్పుడు గ్లెన్ మార్టెన్స్ చూస్తున్నారు.

ఈ రోజు మామూలు దుకాణాల్లోనే అంచు మడవని జీన్స్, కుట్లు పైకి కనిపించే జాకెట్లు, భుజాలు కిందికి జారే పెద్ద సైజు కోట్లు దొరుకుతున్నాయి. వాటన్నిటికీ మూలం మార్జెలా ఒక్కరే కాదు. కానీ అవి లోపాలు కావని కొనేవాళ్లను ఒప్పించిన వారిలో ఆయనది ముందువరుస.