కంప్యూటరు ఉద్యోగానికి తొలిమెట్టు

అనంతపురం మెట్టభూములలో వేరుసెనగ పండించే రైతుల నోట నేడు తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటి కలదు. "మా పిల్లవానికి కంప్యూటరు సీటు వచ్చినది. ఇక ఉద్యోగం వచ్చినట్లే కదా?" ఈ ప్రశ్న వెనుక ఉన్న బరువు పట్టణవాసులకు వెంటనే తెలియదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియైనా అదనుకు పడునన్న నమ్మకం లేని నేల ఇది. బోరులో నీరు పడక మిగిలిన అప్పు మీద మరొక అప్పు చేసి పిల్లలను చదివించే కుటుంబాలు ఇక్కడ ఉన్నవి. వారికి "ఔను" అని చెప్పి ఊరకుండుట న్యాయం కాదు. "కాదు" అనుటయు నిజం కాదు. అసలు ఈ వృత్తిలోనికి మనుష్యులు తొలుత ఏ విధంగా ప్రవేశిస్తున్నారో విచారించినగాని సమాధానం దొరకదు.

ముందుగా ఆ పని ఎట్టిదో చూతము. ప్రోగ్రాము అనే మాట రేడియో ఉన్న ఇంటికి క్రొత్తది కాదు. ఏ గంటకు ఏది వినిపించవలెనో ముందే వ్రాసి ఉంచిన వరుసను మేము ప్రోగ్రాము అంటాము. కంప్యూటరుకు ఇచ్చే ప్రోగ్రాము కూడ అట్టి వరుసయే. కాని దానిని చదివి నడపవలసినది మనిషి కాదు, యంత్రం.

పొలంలో ఒక వర్షమాపకం ఉన్నదనుకొనండి. యంత్రానికి మనం ఇట్లు వ్రాసి ఇచ్చినాము: "ప్రతి ఉదయం కొలత చూడుము. విత్తుటకు చాలినంత వాన పడినచో 'విత్తుము' అని చెప్పి ఆగుము. పడనిచో రేపు మరల చూడుము." చాలినంత అనగా ఎంత? యంత్రానికి తెలియదు, అంకె వేసి చెప్పవలెను. సరే, అంకె వేసినాము. ఆ యేడు వాన పడలేదు. జూన్ గడిచినది, ఆగస్టు గడిచినది. సేద్యం తెలిసిన మనిషి అయితే, "ఇక వేరుసెనగ మాట మరచి ఉలవలు చల్లుదాము" అని తానే అంటాడు. యంత్రం మాత్రం సంక్రాంతి వచ్చినా ప్రతి ఉదయం కొలత చూస్తూనే ఉంటుంది. పుష్యమాసంలో అకాలవర్షం పడినదా, తడబాటు లేకుండా "విత్తుము" అంటుంది! తప్పు దానిది కాదు. ఎంతవరకు వేచి ఉండవలెనో చెప్పుట మరచినది మనమే.

ఇట్టి మరపును వెదకి పట్టుకొని సరిదిద్దుట ఈ వృత్తిలో సగం పని. లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొన్నవాడు ఈ వెదకులాటలో విసిగిపోవచ్చును. సామాన్యపు మార్కుల పిల్ల తెల్లవార్లు కూర్చొని దానిని పట్టుకోవచ్చును. ఈ ఓపిక పుస్తకం చదివితే రాదు, యంత్రం ఎదుట కూర్చున్నప్పుడే వస్తుంది. యంత్రం చేతికందిన తీరు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్క రకం.

మన రాయలసీమవారే అయిన ఆచార్య రాజ్ రెడ్డిగారిని చూడండి. వారు 1937 లో, నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో జన్మించినారు. వారు కంప్యూటరు సీటు పొందినవారు కారు. వారి విద్యార్థిదశలో మన కళాశాలలలో అట్టి సీటే లేదు. 1958 లో మద్రాసు గిండీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టం పుచ్చుకొని, పై చదువుకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి వెళ్ళినారు. అక్కడ డ్యూస్ అనే కంప్యూటరు ఉండినది. వారి చేతికి అందిన మొదటి యంత్రం అదే. పిమ్మట ఆ దేశంలోనే ఐబీఎం సంస్థలో పనిచేసి, అమెరికాలోని స్టాన్‌ఫర్డు చేరి 1966 లో డాక్టరేటు పొందినారు. మనిషి మాటను యంత్రం గ్రహించేటట్లు చేయుటలో వారు చేసిన కృషి మావంటి మాటలవృత్తి వారికి మరింత ఆసక్తికరం. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994 లో వారికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి లభించినది.

సత్య నాదెళ్ళగారి ప్రవేశం వేరు. వారి తండ్రి, ఐ.ఏ.ఎస్. అధికారి యుగంధర్‌గారి పూర్వీకుల ఊరు అనంతపురం జిల్లా బుక్కాపురం. సత్య 1967 లో హైదరాబాదులో జన్మించినారు. పదునైదేళ్ళ వయస్సులో తండ్రి బ్యాంకాక్ నుండి తెచ్చిన సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటరు తమ బుద్ధిని ఈ దారికి త్రిప్పినదని వారు తమ గ్రంథంలో వ్రాసుకొన్నారు. కళాశాలలో వారు చదివినది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, మణిపాలులో. కంప్యూటరు శాస్త్రం అమెరికా వెళ్ళిన తరువాత. 1992 లో మైక్రోసాఫ్టులో చేరి, 2014 లో దాని ముఖ్య కార్యనిర్వహణాధికారి అయినారు.

ఆ స్పెక్ట్రమ్ ముచ్చటైన వస్తువు. 1982 లో ఇంగ్లండులో వెలువడినది. దానిని టెలివిజనుకు తగిలించి, ప్రోగ్రాములను మామూలు క్యాసెట్టు టేపులో దాచుకొనేవారు. మీట వేయగానే ఏదైనా వ్రాయుమని ఎదురు చూచేది. వ్రాయకపోతే అది చేసే పని ఏమియు లేదు. ఆనాటి పిల్లలు పత్రికలలో అచ్చయిన ప్రోగ్రాములను అక్షరం వెంట అక్షరం కొట్టి, ఎక్కడో ఒక కామా జారిపోగా గంటలకొద్దీ వెదకి, ఆ వెదకులాటలోనే విద్య నేర్చినారు. క్యాసెట్టులోని ప్రోగ్రాము చెవికి కీచుమను శబ్దం మాత్రమే గనుక, హాలండు రేడియోవారు 1980 దశకం తొలినాళ్ళలో "హాబీస్కూప్" అనే కార్యక్రమంలో ఆ శబ్దాన్ని ప్రసారం చేయగా, శ్రోతలు ఇంట్లో టేపు చేసుకొని తమ యంత్రాలకు ఎక్కించుకొనేవారు. రేడియో ద్వారా కంప్యూటరు విద్య! వినుటకు మాత్రం ఆ అయిదు నిమిషాలు దుర్భరంగా ఉండి ఉండును.

అయితే 1982 ప్రాంతాన ఇంటికి కంప్యూటరు తేగల తండ్రులు ఎందరు? ఆ సౌకర్యం అందరిదీ కాదు. మన పీఠభూమి పిల్లలకు ద్వారం కళాశాలయే. అనంతపురం ఇంజనీరింగు కళాశాల 1946 లో, రాజ్ రెడ్డిగారు తరువాత చదివిన ఆ గిండీ ఆవరణలోనే ప్రారంభమై 1948 లో ఇక్కడికి తరలివచ్చినది. 1972 లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమై, 2008 లో ప్రత్యేక విశ్వవిద్యాలయానికి కేంద్రమైనది. ఆ 2008 లోనే పల్లెపిల్లల కొరకు రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినది. పదవ తరగతి కాగానే చేర్చుకొనే ఆ సంస్థకు తొలి కులపతి రాజ్ రెడ్డిగారే. దాని ప్రాంగణాలలో ఒకటి మనకు పొరుగున, కడప జిల్లా ఇడుపులపాయలో ఉన్నది.

సీట్లకు ఇప్పుడు కొదువ లేదు. కొదువ ఉన్నది యంత్రం ఎదుట గడిపే గంటలకు. ప్రోగ్రామును రికార్డు పుస్తకంలో అందంగా ఎత్తి వ్రాసి, పరీక్షకు కంఠస్థం చేసి, పట్టా చేతబట్టుకొని హైదరాబాదు అమీర్‌పేట శిక్షణాలయాలలో మళ్ళీ మొదటినుండి నేర్చుకొనే పట్టభద్రులు కొల్లలు. ఆ నెలల గదిఅద్దె కూడ పొలం మీది అప్పులోనిదే.

పైగా 2022 చివర వచ్చిన చాట్‌జీపీటీ వంటి సాధనాలు చిన్న ప్రోగ్రాములను తామే వ్రాసి ఇస్తున్నవి. కంఠస్థం చేసినవానికి ఇది గడ్డుకాలం. వ్రాసి ఇచ్చిన దానిలో, సంక్రాంతికి వేరుసెనగ విత్తుమనే లోపం ఉన్నదని పసిగట్టుటకు మాత్రం లెక్క, సేద్యం రెండూ తెలిసినవారు కావలెను.

సీటు చూడబోయే తల్లిదండ్రులకు ఒక మాట. వేసవి రెండు నెలలు పిల్లవాడు గాని, పిల్ల గాని అరువు తెచ్చిన పాత కంప్యూటరు మీదనైనా, చేతిలోని ఫోను మీదనైనా ఒక చిన్న ప్రోగ్రాము వ్రాయగలరేమో చూడండి; అది నేర్పే పాఠాలు ఇంటర్నెట్టులో ఉచితంగా, తెలుగులో కూడ ఉన్నవి. తప్పు వచ్చినప్పుడు ముఖం ఎట్లున్నదో గమనించండి. కళాశాలకు వెళ్ళినప్పుడు భవనానికి ఎన్ని అంతస్తులని చూడక, సాయంత్రం అయిదు దాటిన తరువాత ప్రయోగశాల తలుపు తెరచి ఉంటుందా అని అడగండి. రెండవ సంవత్సరం చదివే విద్యార్థిని ఒకరిని పిలిచి, స్వయంగా వ్రాసిన ప్రోగ్రాము ఏదైనా చూపమనండి. రికార్డు పుస్తకం తెచ్చి చూపితే, ఫీజు కట్టకముందే మరొక కళాశాల కూడ చూచి రండి.