సీసా మీద చీటీ చదివారా?

జెర్సీ సిటీ: ఇక్కడి నెవార్క్ అవెన్యూలో, ఇండియా స్క్వేర్‌లో పప్పులు, పచ్చళ్లు, స్వీట్లు... మనకు కావలసినవన్నీ దొరుకుతాయి. మందుల షాపుకెళ్తే మాత్రం సీసా మీద చీటీలో తెలుగు ముక్క కనపడదు. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు అసలు చిక్కు అక్కడే.

మన ఊళ్లో మాత్రలు స్ట్రిప్పుల్లో వస్తాయి. పేరు, ఎక్స్‌పైరీ అన్నీ దాని మీదే ఉంటాయి. ఇక్కడ ఫార్మసిస్టు మాత్రలు లెక్కపెట్టి నారింజ రంగు సీసాలో పోసిస్తారు. ఏ మందు, ఎవరికి, ఎన్నిసార్లు... అన్నిటికీ ఆ చీటీయే ఆధారం.

ఇంగ్లిష్ వచ్చినా తిప్పలే!

'రెండేసి మాత్రలు, రోజుకు రెండుసార్లు' అన్న మాట ఎంతమందికి అర్థమవుతుందో 2006లో అమెరికా పరిశోధకులు 395 మందిని అడిగి చూశారు. అంతా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే. చదువు తక్కువున్న వారిలో 71 శాతం మంది ఆ మాట సరిగ్గానే చెప్పారు. రోజుకు ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపమంటే 35 శాతం మందే చూపగలిగారు!

అందుకే 'పొద్దున 2, సాయంత్రం 2' అని అంకెల్లో, వేళతో సహా రాయాలని ఫార్మసీ రంగంలో చాలామంది వాదించారు. మందుల ప్రమాణాలు నిర్ణయించే యూఎస్‌పీ సంస్థ కూడా అదే సిఫార్సు చేసింది. అది 2013లో అమల్లోకి వచ్చింది. 'బీపీకి', 'షుగర్‌కి' అని మందు ఎందుకో కూడా రాయమంది. అయితే డాక్టరు ప్రిస్క్రిప్షన్‌లో రాస్తేనే కదా ఫార్మసిస్టు చీటీ మీద వేయగలిగేది!

అనువాదంతో కొత్త భయం

మరి మన భాషలోనే వేస్తే? తనకు రాని భాషలో ఉన్న చీటీని ఫార్మసిస్టు ఎలా సరిచూస్తారన్నది ప్రశ్న. న్యూయార్క్ బ్రాంక్స్‌లో కంప్యూటర్ తయారుచేసిన స్పానిష్ చీటీలను పరిశీలిస్తే సగం తప్పులతో ఉన్నాయని 2010లో తేలింది. ఇంగ్లిష్‌లో 'వన్స్' అంటే ఒకసారి. అవే అక్షరాలు స్పానిష్‌లో చదివితే పదకొండు!

హడ్సన్ నది అవతల న్యూయార్క్‌లో పెద్ద చెయిన్ ఫార్మసీలు అనువాదం ఇవ్వాలని 2012లో చట్టం తెచ్చారు. 2013 నిబంధనల్లో చైనీస్, ఇటాలియన్, రష్యన్, స్పానిష్ ఉన్నాయి. తెలుగు లేదు.

పేరు మారింది, మందు అదే

మన పారాసిటమాల్ ఇక్కడ అసెటమినోఫెన్. సాల్బుటమాల్ ఇక్కడ ఆల్బుటెరాల్. ఇండియా నుంచి తెచ్చుకున్న జ్వరం మాత్ర, ఇక్కడ కొన్న టైలెనాల్ రెండూ వేసుకుంటే ఒకే మందు రెండింతలు పడ్డట్టే. మోతాదు మించితే లివర్ దెబ్బతింటుంది. తేదీతోనూ జాగ్రత్త. 03/04 అంటే ఇక్కడ ఏప్రిల్ 3 కాదు, మార్చి 4.

ఇవి మరవకండి

* ఇండియా మందుల జాబితాను బ్రాండ్ పేర్లతో కాకుండా జెనరిక్ పేర్లతో రాసుకుని ఫార్మసిస్టుకు చూపండి.
* ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో కౌంటర్ దగ్గరే అడిగి, విన్నది తిరిగి చెప్పండి.
* పెద్ద అక్షరాల చీటీ కావాలంటే అడగండి. ఫోన్‌లో దుబాసీ సాయం ఉన్నచోట తెలుగు కావాలని చెప్పండి.
* ఇంట్లో సీసా మీద తెలుగులో రాసి అంటించండి. అసలు చీటీని మాత్రం కప్పేయకండి. ఎమర్జెన్సీలో డాక్టర్ చూసేది దాన్నే.