సిగ్నల్ లేని కడెం నీళ్లలో గాలం వేయాలంటే: ఫోన్‌ను ఇంట్లోనే రెడీ చేసుకోండి

పోయిన ఏడాది డిసెంబర్‌లో ఒక ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నరకు నా ఫోన్‌కు సిగ్నల్ దొరికింది. వెంటనే వరసగా 23 మిస్డ్ కాల్ మెసేజ్‌లు వచ్చాయి. అన్నీ జమ్మికుంట నుంచి మా బాపు చేసినవే. తిరిగి ఫోన్ చేస్తే ఒకటే మాట: "ఏడున్నవ్ బిడ్డా?"

మాకేం కాలేదు. ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి కడెం వైపు చేపలు పట్టడానికి పోయాం, తిరిగొచ్చేటప్పుడు మట్టిదారిలో తప్పిపోయాం. మ్యాప్ తెరిస్తే తెల్లటి స్క్రీన్, బ్యాటరీ 4 శాతం. సాయంత్రం ఆరింటికి ఇంటికి ఫోన్ చేస్తానని చెప్పి, తొమ్మిదిన్నర దాకా చేయలేకపోయాను. ఈ ఏడాది మళ్లీ పోయాం, కానీ ప్లాన్ చేసుకుని పోయాం. ఆ ప్లానే ఈ ఆర్టికల్.

ముందు ప్లేస్, పర్మిషన్

జమ్మికుంట నుంచి మంచిర్యాల దాకా రైలు, అక్కడి నుంచి లక్సెట్టిపేట, జన్నారం మీదుగా కడెం. ఈ రూట్‌లో జన్నారం దగ్గర నుంచి కవ్వాల్ అడవి మొదలవుతుంది. 2012లో దీన్ని టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. రిజర్వ్ లోపల పర్మిషన్ లేకుండా గాలం వేయడం చట్టరీత్యా నేరం. మ్యాప్‌లో నీలం రంగు కనిపించింది కదా అని ఏ వాగులో పడితే ఆ వాగులో దిగకండి. హద్దు ఎక్కడిదాకా ఉందో జన్నారంలోని ఫారెస్ట్ ఆఫీసులో అడగండి.

రిజర్వాయర్లు, చెరువుల్లో చేపల మీద హక్కు ఎక్కువగా స్థానిక మత్స్యకారుల సహకార సంఘాలది. వాళ్లను అడగకుండా గాలం వేస్తే వాళ్ల కష్టం మీద చేయి వేసినట్టే. మేము సంఘం వాళ్లతో మాట్లాడి, వాళ్లు చూపించిన ఒడ్డు దగ్గరే కూర్చున్నాం.

మ్యాప్: జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, మ్యాప్‌కు కావాలి

చాలామంది ఇక్కడే పొరబడతారు. జీపీఎస్ సిగ్నల్ నేరుగా శాటిలైట్ నుంచి వస్తుంది, సిమ్‌తో పని లేదు. నెట్ ఉంటే శాటిలైట్ల సమాచారం త్వరగా డౌన్‌లోడ్ అయ్యి లొకేషన్ సెకన్లలో దొరుకుతుంది. నెట్ లేకపోతే ఆ సమాచారం కూడా శాటిలైట్ నుంచే నెమ్మదిగా రావాలి, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఫోన్‌ను ఆకాశం కనిపించే చోట పెట్టి ఓపిక పట్టండి.

పోయినసారి మా జీపీఎస్ బాగానే పనిచేసింది. నీలం చుక్క ఉంది, దాని కింద మ్యాప్ లేదు! ఈసారి గూగుల్ మ్యాప్స్‌లో మంచిర్యాల నుంచి కడెం దాకా ఆఫ్‌లైన్ ఏరియా సేవ్ చేశాను. కానీ అందులో ఆఫ్‌లైన్‌లో నడక దారి చూపించదు. అందుకే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ కూడా వేసుకున్నాను. బండి ఆపిన చోట, గాలం వేసే చోట పిన్ పెట్టుకున్నాను.

బ్యాటరీ లెక్క

టవర్ దొరకనప్పుడు ఫోన్ దాని కోసం వెతుకుతూనే ఉంటుంది. మా బ్యాటరీలు అయిపోవడానికి కారణం అదే. సిగ్నల్ పోగానే ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయండి. ఇప్పటి ఫోన్లలో ఆ మోడ్‌లో కూడా జీపీఎస్ నడుస్తుంది.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కు రెండు ఫుల్ చార్జ్‌లు అనుకోవద్దు. పవర్ బ్యాంక్ లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర లెక్క, అంటే 37 వాట్ అవర్స్. వోల్టేజ్ మార్పిడిలో, వేడిలో కొంత పోతుంది. చేతికి వచ్చేది సుమారు ఒకటిన్నర చార్జ్. నలుగురికి ఒకటి చాలదు, మేము రెండు తీసుకుపోయాం.

ఐపీ68 ఉంది కదా?

ఐపీ67 అంటే ఒక మీటర్ లోతు నీళ్లలో 30 నిమిషాలు. ఐపీ68 అంటే అంతకంటే కఠినమైన టెస్ట్, ఎంత లోతో కంపెనీ చెబుతుంది. రెండూ ల్యాబ్‌లో శుభ్రమైన, కదలని నీళ్లలో చేసే టెస్టులే. బురద నీళ్లు, ఒకసారి కింద పడి వదులైన సీల్ ఆ లెక్కలో లేవు. నీళ్లు పోయి పాడైతే వారంటీ కూడా సాధారణంగా రాదు. జిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ కవర్ కొనండి. చార్జింగ్ పోర్ట్ తడిగా ఉంటే కేబుల్ పెట్టొద్దు.

శాటిలైట్ ఫోన్ కొందామా?

వద్దు. మన దేశంలో లైసెన్స్ లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, ట్రెక్కింగ్ వాళ్లు వాడే శాటిలైట్ కమ్యూనికేటర్ గానీ వాడితే కేసు అవుతుంది. ఐఫోన్ 14తో వచ్చిన శాటిలైట్ ఎస్ఓఎస్ మన దగ్గర పనిచేయదు. ఇక 112: మీ సిమ్‌కు సిగ్నల్ లేకున్నా వేరే కంపెనీ టవర్ ఉంటే ఆ కాల్ పోతుంది. ఏ టవరూ లేకపోతే పోదు.

ఫిష్ ఫైండర్ వర్సెస్ కాకా

మా ఫ్రెండ్ ఒకడు వైఫైతో ఫోన్‌కు కనెక్ట్ అయ్యే సోనార్ బంతి తెచ్చాడు. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. బంతి పంపిన శబ్దం 4 మిల్లీసెకన్లలో తిరిగొస్తే లోతు 3 మీటర్లు. దీనికి నెట్ అక్కర్లేదు. లోతు బాగానే చూపించింది, చేప గుర్తులూ చూపించింది. గంటసేపు ఒక్కటీ పడలేదు.

పక్కనే వల సర్దుకుంటున్న ఒక కాకా నవ్వి, "గా మోడు పక్కన ఎయ్యి బిడ్డా, ఎర్రలు పెట్టు" అన్నాడు. అరగంటలో రెండు జెల్లలు పడ్డాయి. అంతకంటే విలువైన మాట ఇంకోటి చెప్పాడు: "నీళ్లు ఎర్రబడ్డయంటే, ఆకు అలం కొట్టుకొస్తున్నదంటే మీద వాన పడ్డట్టే. సామాన్లు చూడకు, ఒడ్డెక్కు."

ఇది ఉత్త మాట కాదు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. గేట్ల నుంచి వదలగలిగేది దాదాపు 3 లక్షలే. నీళ్లు డ్యామ్ మీది నుంచి పొర్లాయి. వానాకాలంలో ఇటు రాకండి, గేట్ల కింద ఎప్పుడూ గాలం వేయకండి.

అసలు బ్యాకప్

ఈసారి బయల్దేరే ముందు ఒక కాగితం రాసి బాపుకు ఇచ్చాను. ఏ రూట్, ఏ ఊరి దగ్గర ఆగుతాం, బండ్ల నంబర్లు, నలుగురి ఫోన్ నంబర్లు, అక్కడి సంఘం వాళ్ల నంబర్. కింద ఒక లైన్: "ఏడు లోపు ఫోన్ చేస్తా. ఎనిమిది దాటితే ముందు ఈ నంబర్‌కు చెయ్యి, తర్వాత 112." రేటు సున్నా, చార్జింగ్ అక్కర్లేదు. మా లిస్టులో బెస్ట్ గ్యాడ్జెట్ ఇదే.

పోయే ముందు ఇంకొక పని చేయండి. మీ ఊళ్లోనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి గంటసేపు తిరగండి. నేను జమ్మికుంట నుంచి మానేరు ఒడ్డు దాకా అలాగే పోయొచ్చాను. ఒక ఏరియా మ్యాప్ సగమే డౌన్‌లోడ్ అయ్యిందని అక్కడే తెలిసింది. అడవి పక్కన తెలిసుంటే?

ఈసారి 6:40కి సిగ్నల్ రాగానే ఫోన్ చేశాను. మొదటి రింగ్‌కే ఎత్తాడు బాపు. ఏడున్నవ్ అని అడగలేదు. "ఎన్ని పడ్డయ్‌రా?" అన్నాడు.